గోలెంలో సముద్రం

మా ఆయనకు మబ్బు జబ్బు ఉండేది. ఆకాశంలో అరచేయంత మబ్బు కనిపిస్తే చాలు, మగ్గం గుంటలోంచి లేచి, చూరులో దోపిన గాలం తీసుకొని మూసీ మడుగుల దిక్కు నడిచేవాడు. మబ్బు పట్టిన రోజే చేపకు ఆకలవుతుందని ఆయన నమ్మకం. మా పోచంపల్లి మీదికి మబ్బులు అంత తరచుగా వచ్చేవి కావు గానీ ఆయన కళ్లకు మాత్రం రోజూ ఒకటి కనిపించేది. ఒకసారి పక్కింటి పొయ్యి పొగ చూసి కూడా బయలుదేరాడు.

ఇది రెండో యుద్ధానికి కొంచెం ముందటి మాట. ఇంట్లో ఆయన, నేను, మా అత్త. ఆయన నేస్తాడు. నూలుకు పురిపెట్టడం, నూనె పట్టించడం, కండెలు చుట్టడం నా పని. పడుగుకు గంజి పెట్టడం అత్త పని, అందులో ఇంకెవరూ వేలు పెట్టకూడదు. నేను చుట్టిన కండెలు గంప నిండా పడి ఉంటే, నేసే మనిషి మడుగు ఒడ్డున కూర్చొని నీళ్లతో మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండేది. అంత సేపు కూర్చొని తెచ్చేది వేలంత జెల్లలు రెండు. వాటిని తోమి వండేది మళ్లీ నేనే. ఆ గాలాన్ని పొయ్యిలో పెట్టాలని చాలాసార్లు అనుకున్నాను. దాని దారం నేను పురిపెట్టింది కాబట్టి చేయి రాలేదు. కోపం ఎంత ఉన్నా, నా చేతి దారం మీద ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకునేదాన్ని కాను.

ఆ మాట అన్నవాడు మా వదిన పెనిమిటి. వదిన అంటే మా ఆయన అక్క, ఆమెను చీరాలకు ఇచ్చారు. అక్కడ కూడా మగ్గాలే, కానీ పక్కనే సముద్రం ఉంది. ఆ సముద్రాన్ని తానే తవ్వించినట్టు మాట్లాడేవాడు మా ఆయన బావ. ఒక వానాకాలం మా ఇంటికి వచ్చి, పళ్లెంలో నేను వేసిన జెల్లను రెండు వేళ్లతో ఎత్తి చూసి, దీన్ని మా వైపు ఎరగా గుచ్చుతాం అన్నాడు. మా ఆయన నవ్వాడు. చేపను ఎవరు ఏమన్నా ఊరుకుంటాడు. తర్వాత బావ చూరులో ఉన్న గాలం దింపి, దారాన్ని గోటితో గీకి పెదవి విరిచాడు.

"ఈ నూలు మా ఉప్పునీళ్లలో ఒక్క పూట ఆగదు బావా. సముద్రపు చేప ఒక్క గుంజు గుంజిందంటే పిండైపోద్ది."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా ఆయన నా దిక్కు చూశాడు, నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, పళ్లెం పక్కకు జరిపి లేచి నిలబడ్డాడు.

"మా ఇంటి నూలుతోని మీ సముద్రంల చేపను పడ్త. నూలు తెగిందా, గీ జన్మల మళ్ల గాలం ముట్ట."

ఆ రాత్రి బావ గురక పెడుతుంటే నేను కళ్లు తెరుచుకొని ఆలోచించాను. దారం తెగితే గాలం పీడ వదులుతుంది, మబ్బు రోజులన్నీ మగ్గానివే. కానీ తెగేది నా దారం. చీరాల నుంచి బెజవాడ దాకా ఉన్న చుట్టాలందరికీ ఆ సంగతి బావ డప్పు కొట్టి చెబుతాడు. దారం నిలిస్తే నా పరువు నిలుస్తుంది, దాంతో పాటు ఆ గాలం కూడా చచ్చేదాకా నా చూరులో నిలుస్తుంది. ఎటు చూసినా నష్టం నాదే. ఇలాంటి పందెం కాసిన మనిషి మాత్రం హాయిగా నిద్రపోయాడు.

సముద్రానికి ఏ దారం పనికొస్తుందో తేల్చాలంటే ముందు సముద్రం కావాలి. మా ఇంట్లో ఎవరూ దాన్ని చూడలేదు. అందుకని వాకిట్లో ఉన్న పెద్ద నీళ్ల గోలెంలోనే సముద్రం చేద్దామన్నాడు ఆయన. ఉప్పు ఎంత వెయ్యాలన్న దగ్గర పంచాయితీ వచ్చింది. మామిడికాయ ఊట అంత ఉప్పగా ఉంటుందని అత్త, పచ్చిపులుసు అంతే ఉంటుందని ఆయన. చివరికి వదినకు కార్డు రాయించాం. ఆమె ఎవరితోనో తిరుగు జవాబు రాయించింది. నోట్లో పోసుకుంటే మింగలేరు, ఉమ్మేస్తారు, అంతకంటే నాకు తెలియదు అని.

సరే, ఉమ్మేదాకా ఉప్పు వెయ్యాలని లెక్క కుదిరింది. నేను దోసెడు దొడ్డుప్పు వేసి కలిపేదాన్ని, ఆయన ఒక గుక్క తాగేవాడు. ఉమ్మితే సముద్రం తయారైనట్టు. ఆ మనిషికి మొండితనం ఎక్కువ. బావ తాగలేని నీళ్లు తాను తాగగలనని చూపించాలనుకున్నాడో ఏమో, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మింగుతూ పోయాడు. ఉప్పు గంప సగమైంది. చివరికి ఆయన ఉమ్మలేదు, నేరుగా వాంతి చేసుకున్నాడు. అత్త వేలు ముంచి నాకి, నేను చెప్పిన ఊట ఇదే అని తృప్తిగా లోపలికి పోయింది. రెండు రోజులు ఆయన మజ్జిగ తప్ప ఇంకేదీ ముట్టలేదు.

ఆ సముద్రంలో దారాలు నానబెట్టాం. పట్నం నుంచి ఎవరినో బతిమాలి తెచ్చిన పట్టుపోగు చూడటానికి అందంగా, సన్నగా ఉంది. సన్నగా ఉంటే చేపకు కనిపించదని ఆయన మురిసిపోయాడు. కానీ నానిన పట్టుకు ముడి నిలవలేదు. దూలానికి కట్టి రోటి పొత్రం వేలాడదీస్తే ముడి జారి, పొత్రం ఆయన కాలి బొటనవేలి మీద పడింది. జనపదారం మాత్రం ఏనుగును కట్టినా ఆగేట్టుంది. అయితే అది నులక మంచానికి పనికొస్తుంది, దాన్ని చూసిన చేప మంచం అనుకొని పోతుందని నేనన్నాను. మామూలు నూలు మూడు పేటలు పురిపెట్టి ముంచితే మొదటి రెండు రోజులు బాగానే ఉండి, తర్వాత ఉబ్బి మెత్తబడింది. బావ మాట నిజమే కాబోలనుకున్నాను.

అప్పుడు గుర్తుకొచ్చింది నూనె నూలు. మా వైపు ఎర్ర రుమాళ్లకు వాడే నూలు అది. ఆముదపు కాయలు కాల్చిన బూడిద నీళ్లలో నూనె కలిపి, రోజూ నూలును అందులో పిసికి ఎండేస్తాం, పదిహేను పదహారు రోజులు. ఆ నూలుకు నూనె కంపు పోదు, నీళ్లూ తొందరగా పట్టవు. ఆ రుమాలు తలకు చుట్టుకొని పశువులు కాసేవాళ్లు వానలో తిరిగేది అందుకే. ఆ పోగులు నాలుగు కలిపి గట్టిగా పురిపెట్టి గోలెంలో వేశాను. ఎనిమిది రోజుల తర్వాత తీస్తే, వేసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది, దూలానికి కట్టి పొత్రం వేలాడదీస్తే మోసింది కూడా.

పొత్రం మోసింది సరే, చేప పొత్రంలా వేలాడదు, గుంజుతుంది కదా అన్నాడు ఆయన. అందుకని ఆయనే చేప అయ్యాడు. దారం కొస నడుముకు కట్టుకొని వాకిట్లో అటూ ఇటూ ఉరికాడు. మరో కొస గుంజకు కట్టి నేను పట్టుకున్నాను. ఆయన ఒక్కసారి ఎగిరి గుంజితే గుంజ ఊగింది, దారం తెగలేదు, ఆయన వెల్లకిలా పడ్డాడు. వీధిలో జనం నిలబడి చూశారు. మొగుడిని కట్టేసుకున్నదని నాలుగు రోజులు నన్ను ఆట పట్టించారు.

పెద్ద దారం నేనొక్కదాన్నే చేశాను, ఒక పడుగు పొడవున. చేస్తున్నంత సేపూ ఒకే ఆలోచన. ఎక్కడో ఒక్క చోట పురి వదులుగా పెడితే చాలు, ఎవరికీ తెలియదు, అక్కడ తెగుతుంది, నా పీడ విరగడవుతుంది. నిజంగానే ఒక చోట వదులుగా పెట్టాను. అన్నం తిందామని కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు. లేచి పోయి దాన్ని విప్పి మళ్లీ పురిపెట్టి వచ్చి తిన్నాను.

ప్రయాణం రేపనగా ఇంకో ఘోరం జరిగింది. నేను బావి దగ్గరికి పోయి వచ్చేసరికి అత్త ఆ దారాన్ని వీధి పొడవునా సాచి, కుంచెతో జొన్న గంజి పట్టించేసింది. ఎండకు దారం తీగలా బిగుసుకొని మెరుస్తోంది. గాలానికి గంజి ఎందుకని నెత్తి కొట్టుకున్నాను. ఆమె కుంచె కడుగుతూ నింపాదిగా చెప్పింది.

"గంజి లేకుంట మా ఇంట్లకెల్లి నూలు బయటికి పోలేదు. బట్ట కట్టుకోకుంట మనిషిని పంపుతవా ఊరికి?"

బీబీనగర్‌లో రైలు బండెక్కి ముగ్గురం చీరాల బయలుదేరాం. నైజాం హద్దు దగ్గర సుంకం తీసుకునే కరోడ్‌గిరి జవాను మూటలు విప్పించాడు. ఆ దారపు చుట్ట చేతిలోకి తీసుకున్నాడు. చూస్తే తీగ, ముట్టుకుంటే అప్పడం, వాసన చూస్తే ఆముదం. ఇదేమిటని ఉర్దూలో గద్దించాడు. సముద్రంలో చేప కోసమని మా ఆయన చేతులు కట్టుకొని అదబుగా చెప్పాడు. జవాను ఆయనను ఒకసారి, చుట్టను ఒకసారి చూసి, మా మీద జాలిపడి పొమ్మన్నాడు.

సముద్రాన్ని చూడగానే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పలేను. అంత నీళ్లు ఒక్క చోట ఉంటాయని, ఎవరూ తోడకుండానే అవి వస్తూ పోతూ ఉంటాయని ఎవరూ నాకు చెప్పలేదు. అత్త చేతులు జోడించింది. మా ఆయన మాత్రం నేరుగా పోయి దోసెడు నీళ్లు నోట్లో పోసుకొని, కాసేపు పుక్కిలించి మింగి, మనదే ఇంకా ఉప్పగుంది అన్నాడు. ఆ రోజంతా ఆయన నడకలో ఒక ఠీవి వచ్చింది.

బావ చేపల వేట చేసే తెలిసిన పల్లెకారుతో మాట్లాడి తెప్ప సిద్ధం చేయించాడు. తెప్ప మీద గాలాన్ని అలల అవతలికి తీసుకుపోయి వదలాలి, దారం కొస ఒడ్డున మా ఆయన పట్టుకోవాలి. చేతిలోంచి జారుతుందేమోనని ఆయన కొసను నడుముకు రెండు చుట్లు చుట్టి ముడి వేసుకున్నాడు. వాకిట్లో చేప వేషం కట్టిన అలవాటు. సముద్రంలో చేప వేరే ఉంటుందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

కాసేపటికి తెప్ప మీద మనిషి నవ్వడం మొదలుపెట్టాడు. దారానికున్న గంజి కరిగి నీళ్లు తెల్లబడ్డాయట, చిట్టి చేపలన్నీ గుంపుగా చేరి దారాన్ని నాకుతున్నాయట, గాలం మొహం కూడా చూడటం లేదట. బావ కడుపు పట్టుకొని ఇసుకలో కూలబడ్డాడు. నైజామోళ్లు చేపలకు సంతర్పణ పెడుతున్నారని పక్క తెప్పల వాళ్లను కూడా పిలిచి చూపించాడు. మా ఆయన తల దించుకున్నాడు. నేను అత్త దిక్కు చూశాను. తిననీ, ఆకలిగున్నయి కావచ్చు అన్నదామె.

ఆ చిట్టి చేపల కోసం ఏదో పెద్దది వచ్చింది. దారం ఒక్కసారిగా బిగిసింది. మా ఆయన రెండడుగులు ముందుకు పడ్డాడు, నిలదొక్కుకున్నాడు, మళ్లీ నాలుగడుగులు. మోకాలి లోతుకు, తొడల దాకా పోయాడు. ఆయనకు ఈత రాదు. ఎన్నేళ్లు మడుగుల దగ్గర కూర్చున్నా ఒడ్డు దాటి ఎరుగడు. తడికి నడుము ముడి బిగుసుకుపోయింది, విప్పుకోవడానికి చేతులు ఆడటం లేదు. నేను చీర కుచ్చెళ్లు దోపుకొని నీళ్లలోకి ఉరికి, ఆయన ముందర దారాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.

"కొరుకు," అన్నాడు ఆయన. "కొరికి తెంపు, పోతున్న."

మాకు కత్తెర అంటే పళ్లే. పోగులు కొరికి కొరికి నా ముందుపన్నుకు సన్నని గాడి పడింది. చెయ్యి దారాన్ని ఎత్తిందో, మొహమే వంగిందో తెలియదు, దారం వచ్చి ఆ గాడిలో కూర్చుంది. ఒక్క కొరుకు. పందెం పోతుంది, గాలం పోతుంది, మబ్బు రోజులన్నీ నావి. పైగా కొరుకుమన్నది ఆయనే, తప్పు కూడా నా మీద ఉండదు. ఒడ్డున బావ లేచి నిలబడ్డాడు, తెగిందని చెప్పడానికి నోరు సగం తెరిచి. ఆ నోరు చూశాను. నా పళ్ల కింద దారం నిక్కి, వణుకుతూ, ఒక్క పోగు కూడా చిట్లకుండా నిలిచి ఉంది. ఇంత మంచి దారాన్ని నేను అంతకుముందు చేయలేదు.

నోట్లోంచి తీసేశాను.

"తెంప," అన్నాను. "ఎనకకు నడువు. పడుగు సాపుదాం."

మా వీధిలో పడుగు సాచడమంటే ఇంటిల్లిపాదీ వరుసగా నిలబడి, ఒకరి వెనక ఒకరు పట్టు వదలకుండా వెనక్కి నడవడం. గుంజకూడదు, వదలకూడదు, ఒకే బిగువున నడవాలి. ఆ మాట చెవిన పడగానే ఆయన కాళ్లు తమంతట తాము వెనక్కి పడ్డాయి. నేను నడిచాను. అత్త వచ్చి మా వెనక పట్టుకుంది. వదిన పరుగున వచ్చింది. చేప లాగినప్పుడు కొంచెం దారం ఇచ్చాం, అలిసినప్పుడు నాలుగడుగులు నడిచాం. మధ్యలో దారం ఒక పక్కకు కుంగింది. వదులైన పడుగును చూసి చేతులు కట్టుకొని నిలబడే నేతగాడు ఏ ఊళ్లోనూ ఉండడు. బావ గబగబ వచ్చి కుంగిన చోట పట్టుకొని, బిగించండి, బిగించండి అని మా మీదే కేకలేశాడు. తాను ఎవరి పందెం గెలిపిస్తున్నాడో ఆయనకు గుర్తున్నట్టు లేదు.

ఒడ్డుకొచ్చింది టేకు చేప. చాటకు తోక పెట్టినట్టు ఉంది. పొట్ట మీద నోరు, దానికి మా మీద ఎంత కోపమో. పల్లెకారు వచ్చి ముల్లున్న తోక నరికేదాకా మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. మా ఆయన నడుము ముడి విప్పడానికి వదినకూ నాకూ చాలా సేపు పట్టింది. కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది. బావ దారాన్ని కొస నుంచి కొస దాకా వేళ్ల మధ్య జార్చుకుంటూ నడిచాడు, ఎక్కడైనా చిట్లిందేమోనని. తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నూలు నీదేనా చెల్లెమ్మా?"

నాదేనన్నాను. తల ఊపి, చేప కోయించడానికి పోయాడు. అదంతా గంజి మహిమ అని అత్త ఊరంతా చెప్పుకుంది.

తిరుగు బండిలో చాలా దూరం వచ్చాక మా ఆయన కిటికీలోంచి చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

"ఎందుకు కొరకలే?"

"నా దారం తెగిందంటరు గద."

"గంతేనా?"

గంతే అన్నాను. అది సగం అబద్ధం. గాలం పోయిన ఆయన మొహం ఎట్లా ఉంటుందో ఆ నీళ్లలోనే నాకు కనిపించింది, దాన్ని రోజూ ఎదురుగా పెట్టుకొని బతకడం నా వల్ల కాదనిపించింది. ఆ మాట పైకి చెబితే ఇంకా నెత్తికెక్కుతాడని చెప్పలేదు.

ఆయనకు తెలిసే ఉంటుంది. ఇంటికి వచ్చాక ఎవరూ చెప్పకుండానే గాలాన్ని అటక మీద పెట్టేశాడు. పందెం గెలిచి కూడా గాలం మానుకున్నాడు. వానాకాలం ఇంకా మిగిలే ఉంది, ముసురు మీద ముసురు పట్టింది. ఆయన మగ్గం గుంటలోంచి కదల్లేదు. నేను కోరుకున్నది సరిగ్గా అదే. కానీ ఆ నిట్టూర్పులు వినలేక నాకు పిచ్చెక్కేది. పోగును దట్టించే మగ్గం పలక ఒకసారి వెయ్యడం, గవాక్షంలోంచి ఆకాశం చూడటం, నిట్టూర్చడం, మళ్లీ పలక. కళ్లు మబ్బు మీద ఉంటే బొమ్మ కోసం ముందే రంగు కట్టిన పోగులు దారి తప్పుతాయి. రుమాలు మీది ఏనుగుకు తొండం వీపు మీద మొలిచింది. మరో రుమాలు మీద ఏనుగుకు రెండు వైపులా తోకలే. ముందు ఏదో, వెనక ఏదో దానికే తెలియాలి.

వానలు వెలిశాయి. మూసీ మడుగులు నిండుగా ఉన్నాయి. ఒక పొద్దున ఆకాశం ఉతికి ఆరేసినట్టుంది, కళ్లు తెరవలేనంత ఎండ. నేను అటక మీది గాలం దింపి, ఆ సముద్రపు దారంలోంచి ఒక ముక్క తీసి, కొత్త కొక్కెం కట్టి ముడి వేసి, మిగిలిన కొసను కొరికాను. ఇంకా ఉప్పగానే ఉంది. తీసుకుపోయి మగ్గం మీద పెట్టాను.

"మబ్బు పట్టింది, పో."

ఆయన వాకిట్లోకి వచ్చి ఆ ఎండలో తల పైకెత్తి చాలా సేపు చూశాడు.

"అవును, ముసురు తీరుగుంది," అన్నాడు.

లోపలికి పోయి గొంగడి తెచ్చి తల మీదికి కప్పుకొని, తడవకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ మడుగు దిక్కు పోయాడు.